సపోర్ట్ అనే మాట, ఏడో లెవెల్ దిమ్మలు

మా రిటైర్డ్ కార్మికుల వాట్సాప్ గ్రూపుల పొద్దున లేస్తే ఒకటే మాట. ఎవరో ఒకరు పింఛన్ పెంచాలని మెసేజ్ పెడ్తడు. కింద నలభై మంది ‘ఫుల్ సపోర్ట్ అన్నా’ అని బొటనవేలు బొమ్మ పెడ్తరు. ఆఫీసు ముంగట కూసుందాం రమ్మంటే ఆరుగురు వస్తరు. అండ్ల ఇద్దరు చాయ తాగి ఇంటికి పోతరు. గా మాట చూస్తే నాకు ఒళ్లు మండుతది. మా ఆమె ‘ఎందుకు బీపీ పెంచుకుంటవ్, గ్రూపులకెళ్లి బయటికి రారాదా’ అంటది. రాను. ఎంత మంది ఎన్నిసార్లు గా మాట అంటరో చూస్తనే ఉంట.

నేను ముప్పై ఆరేండ్లు బొగ్గుబాయిల పనిచేసిన. తట్ట మోసుడు కాడ మొదలు పెట్టిన, సర్దార్ పరీక్ష పాసైన, సర్దార్ల మీద పెద్ద, ఓవర్‌మ్యాన్‌గ రిటైరైన. నా పేరు ఖాజా. ఏ బాయో రాయను. రాస్తే మా బాయి ఒక్కటే గిట్లుండె అనుకుంటరు. గోదావరి అటు పక్క, ఇటు పక్క పనిచేసినోళ్లు చదివితే వాళ్లకే ఎరుకైతది.

ప్రమోషన్లు ఎట్లొచ్చినయ్, ఎంత బొగ్గు తీసినం, అవన్నీ రాయ. సర్దార్ పరీక్ష రాసి కొత్తగ బాయిల దిగేటోళ్లకు ఒక్క మాట గురించి చెప్తే చాలు. గా మాటను నేను రెండు తీర్ల వాడిన. రెండు తీర్ల తప్పు చేసిన.

బాయిల సపోర్ట్ అంటే వస్తువు

సర్దార్ అంటే ఏందో బయటోళ్లకు తెల్వది. ఒక షిఫ్టుల ఒక తావుల పనిచేసే ముప్పై నలభై మంది పానాలకు వాడు జిమ్మేదార్. పని మొదలు గాకముందే పోయి పైకప్పు చూడాలె, గాలి చూడాలె. బాగుంటేనే మనుషులను లోపటికి పంపాలె. బాగలేకుంటే పని ఆపాలె. ఆపేటందుకు ఎవల్నీ అడిగే పని లేదు. పుస్తకంల గట్లనే రాసి ఉన్నది. పుస్తకం మంచిదే.

బొగ్గు తీసినంక మీద బండ ఉత్తగ నిలవడది. దాని కింద దిమ్మ నిలవెట్టాలె. దిమ్మ అంటే నిలువెత్తు దుంగ. దాని నెత్తిన ఒక చెక్క, ఆ చెక్కకు బండకు నడుమ సమ్మెటతోని బిగించిన ముక్క. దీన్నే బాయిల సపోర్ట్ అంటరు. ఇంగ్లీష్ రానోడు కూడ సపోర్ట్ అనే అంటడు. మా బాపు సంతకం రానోడు, ఆయన కూడ అనేటోడు. ఎన్ని సపోర్ట్లు పడ్డయ్ అంటే వేళ్ల మీద లెక్కవెట్టి చెప్పాలె. ఎక్కడ పడ్డయ్ అంటే పోయి చూపెట్టాలె. బిగిసిందా అంటే సుత్తెతోని కొట్టి వినిపించాలె. గంతే. దాంట్ల అభిప్రాయాలకు జాగ లేదు.

ఇప్పుడు దిమ్మలు పోయినయ్. పైకప్పుకు రంధ్రం చేసి ఇనుప కడ్డీలు బిగిస్తుండ్రు. పని జల్ది అయితది, నేను కాదన. కని కట్టె దిమ్మకు ఒక గుణం ఉండె. మీద బరువు పడ్డదంటే కిర్రుమంటది, నెత్తిన చెక్క నలుగుతది, పెచ్చులు లేస్తయ్. మనిషికి ఉరికేంత టైము ఇస్తది.

ఓదెలన్న

ఇదంతా నాకు నేర్పింది పుస్తకం కాదు. ఓదెలన్న నేర్పిండు. ఓదెలు మా బాయిల టింబర్‌మ్యాన్, అంటే దిమ్మలు నిలవెట్టే మనిషి. నాకంటె ఎనిమిదేండ్లు పెద్ద. నేను తట్ట మోసే పొద్దులల్ల పైకప్పు ఎట్ల చూడాలెనో చూపెట్టిండు. కుడిచేత్తోని కడ్డీ పట్టుకొని బండను కొట్టాలె, ఎడమచేతి వేళ్లు బండకు ఆనించి ఉంచాలె. ఖంగుమంటే బండ గట్టిగున్నది. డొల్లగ పలికినా, వేళ్లకు జరంత వణుకు తగిలినా ఎనుకకు రావాలె. ‘చెవు మోసం చేస్తది ఖాజా, బాయిల శానా చప్పుళ్లుంటయ్. వేళ్లను నమ్ము’ అనేటోడు.

నేను సర్దార్ అయినంక కూడ పైన క్వార్టర్ల కాడ ఖాజా అనే పిలిచేది. బాయిల దిగంగనే సర్దార్ అనేది. ఒక్కనాడు మర్చిపోలే. గా మర్యాద మేనేజర్లకు కూడ నేర్పియ్యాలె.

ఇంకొక్క సంగతి. దిమ్మను కొలత వెట్టి కోసినంక ముక్కలు మిగుల్తయ్. షిఫ్ట్ అయినంక టింబర్‌మ్యాన్లు గా ముక్కలను మూటగట్టి పొయ్యిలకు ఇంటికి పట్కపోవుడు మా బాయిల మొదటికెళ్లి అలవాటు. గేటు కాడ జవాన్ చూసి చూడనట్టు ఇడిసిపెడ్తడు. ఆఫీసర్లకు ఎరుకే. ఓదెలన్న మూటలకెళ్లి సగం మా ఇంటికే వచ్చేది. ఆయన భార్య లచ్చక్క మోసుకొచ్చి వాకిట్ల ఏసి, ‘తమ్మీ, వాన పడేటట్టున్నది, లోపట పెట్టుకో’ అని పొయ్యేది.

ఇన్‌స్పెక్షన్ ముస్తాబు

పెద్ద ఆఫీసర్ ఇన్‌స్పెక్షన్‌కు వస్తుండంటే మా బాయి పెండ్లిల్లు లెక్క తయారయ్యేది. ఆయన నడిచే తొవ్వ పొడుగూత తెల్ల పొడి చల్లేది. పాత బోర్డులు తుడిచేది. దిమ్మలు తక్కువ పడితే ఆయన పోని దిక్కుకెళ్లి తీసుకొచ్చి ఆయన పోయే దిక్కు పెట్టేది. ఆఫీసర్ పోయినంక మళ్ల ఎక్కడియి అక్కడ. ఏండ్ల సంది నడిచిన పద్ధతి. దీనికి అలవాటు పడ్డ మాకెవలకూ ఇది పిచ్చి పని అని తోయలే. మనుషుల నెత్తి మీది బండకు ఆనిన దిమ్మలు తీసి ఆఫీసర్ కండ్లకు ఆనించినం.

అట్లాంటి ఒక ఇన్‌స్పెక్షన్‌కు ముందు రోజు మేనేజర్ నన్ను పిలిచి, ‘ఏడో లెవెల్‌కెళ్లి ఒక పన్నెండు దిమ్మలు తీయించు. రేపు పెద్దాయన పోయే తొవ్వల పెట్టుండ్రి. ఎల్లుండి మళ్ల పెడుదాం’ అన్నడు. లెవెల్ అంటే బాయి లోపట అడ్డంగ పోయే తొవ్వ. కాయితం లేదు, సంతకం లేదు. నేను అడగలే. ఇసొంటియి కాయితం మీద రావని నాకు ఎరుకే.

నేను పోయి ఓదెలన్నకు చెప్పిన. ఆయన దీపం ఎత్తి నా మొఖం చూసిండు.

‘సర్దార్, బరువు పట్టిన దిమ్మలు గవి. చెక్కలు నలిగి ఉన్నయ్, నువ్వే చూడు.’

‘ఎరుకే అన్నా. ఏడో లెవెల్‌ల ఇప్పుడు పని నడుస్తలేదు గద. అడ్డం కట్టె కడుదాం, ఎవలూ పోరు.’

‘ఎవలూ పోరు. మళ్ల పెట్టేటందుకు నేనే పోవాలె.’

‘జర అర్థం చేస్కో. మేనేజర్ పరేషాన్ చేస్తుండు.’

ఆయన సమ్మెట అందుకున్నడు. దిమ్మలు తీసిండు. గక్కడ పని ఆపే అధికారం ఉన్నది ఎవలకు? నాకు. పైకప్పు కింది దిమ్మను పైనోళ్ల మాట కోసం తీయించిన మొదటి తప్పు మేనేజర్ది కాదు, నాది. మేనేజర్‌ను తిట్టుడు నాకు ఇష్టమే, ఇంకా తిడ్త. కని వరుస తప్పొద్దు.

ఇన్‌స్పెక్షన్ బాగ అయింది. పెద్దాయన ‘సపోర్ట్ మంచిగ చేస్తుండ్రు’ అని మెచ్చుకొని పోయిండు. మేనేజర్ మా అందరికీ సమోసాలు తెప్పిచ్చిండు. నేను రెండు తిన్న.

మూడోనాడు ఫస్ట్ షిఫ్టుల దిమ్మలు వాపస్ పెట్టాలె. ముందు నేను పోయి ఏడో లెవెల్ పైకప్పు కొట్టి చూడాలె, ఆ తర్వాత ఓదెలన్న పోవాలె. నేను పోలే. కింద బల్ల కాడ కూసుండి, ముందు షిఫ్ట్ సర్దార్ రాసిన రిపోర్ట్ ఎదురుగ పెట్టుకొని, రూఫ్ బాగున్నది, సపోర్ట్ బాగున్నది అని అండ్ల ఉన్నదే దించి రాసిన. చాలా మంది గట్లనే రాసేటోళ్లం. ఓదెలన్న వచ్చి ‘పోవచ్చునా సర్దార్’ అని అడిగిండు. ‘పో అన్నా’ అన్న. తల కూడ ఎత్తలే.

ఆయన దిమ్మల కొలత తీసుకుందామని అడ్డంకట్టె దాటి పోయిండు. పది నిమిషాలల్ల బండ పడ్డది. కుడికాలు మోకాలు కింద నుజ్జు నుజ్జయింది. స్ట్రెచర్ మీద పైకి తెస్తుంటే పక్కపొంటి నేనే నడిచిన. నీళ్లు అడిగిండు. ఇయ్యొద్దన్నరు. ఇయ్యలే.

ముగ్గురి సపోర్ట్

కాలు తీసేసిండ్రు. కరీంనగర్ దవాఖానల నెల రోజులు ఉండె. మేనేజర్ ఆపిల్ పండ్లు పట్టుకొని పోయిండు. ‘ఓదెలూ, మేనేజ్‌మెంట్ సపోర్ట్ నీకు ఎల్లప్పుడూ ఉంటది’ అన్నడు. యూనియన్ లీడర్ పది మందితోని పోయి ఫోటో దిగి, ‘మా సపోర్ట్ నీకే అన్నా, ఫికర్ చెయ్యకు’ అన్నడు. నేను ఒక్కణ్నే పోయిన. మంచం పక్కన లచ్చక్క కూసున్నది. నేను ఆయన చెయ్యి పట్టుకొని, ‘అన్నా, ఏమొచ్చినా నా సపోర్ట్ నీకుంటది’ అన్న.

అన్నప్పుడు నేను మనసారనే అన్న. అదే చెప్తున్న. మోసం చేసెటోడు కూడ శానసార్లు ఆ గడియల నిజమే మాట్లాడ్తడు.

ఆయన దవాఖానకెళ్లి ఇంటికి రాంగనే చార్జిషీట్ వచ్చింది. ఏమని? పర్మిషన్ లేకుండ ఏడో లెవెల్ దిమ్మలు తీసిండని, కోసి ముక్కలు చేసి పొయ్యిలకు ఇంటికి పట్కపోయిండని, ఆ ఎనుక అడ్డంకట్టె దాటి పోయి కాలు పోగొట్టుకున్నడని. స్టోర్ పుస్తకంల పన్నెండు కొత్త దిమ్మలు ఇన్‌స్పెక్షన్ తొవ్వకు ఇచ్చినట్టు రాసిపెట్టిండ్రు. అంటే అక్కడ నిలవడ్డయ్ కొత్తయి. ఏడో లెవెల్‌యి మాయమైనయ్. మాయం చేసినోడు దొంగ. చూడుండ్రి ఎంత సాఫ్‌గ ఉన్నదో.

కాలు పోయిన మనిషి మీద కట్టెదొంగ అని రాసిన చేతులకు ఏమన్నా అయిందా అంటే ఏం కాలే. మేనేజర్ మంచిగ రిటైరై హైదరాబాద్‌ల ఇల్లు కట్టుకున్నడు.

ఎంక్వైరీల రెండు ప్రశ్నలు

ఎంక్వైరీ నాడు పొద్దుగాల మేనేజర్ నన్ను రూముకు పిలిచిండు. ఓవర్‌మ్యాన్ ప్రమోషన్ లిస్టు బల్ల మీద ఉండె. నా పేరు కనవడేటట్టే ఉండె. ‘ఖాజా, నువ్వు చెప్పినవని వాడంటుండు. నువ్వు చెప్పినవంటే నీ సర్టిఫికెట్ పోతది, ఆలోచించుకో’ అన్నడు. ఇంకేం అనలే. అబద్ధం చెప్పమని ఒక్క మాట అనలే. పెద్దోళ్లకు గా తెలివి ఉంటది.

ఎంక్వైరీ రూముల ఓదెలన్న ఎదురుబెంచీ మీద కూసున్నడు. చంకకట్టెలు గోడకు ఆనించి ఉన్నయ్. ఆఫీసర్ నన్ను రెండే ప్రశ్నలు అడిగిండు.

‘ఏడో లెవెల్‌ల దిమ్మలు తీయమని ఓదెలుకు నువ్వు చెప్పినవా?’

‘యాదికి లేదు సార్.’

‘ఓదెలు బాయిలకెళ్లి కట్టెలు ఇంటికి పట్కపోతడా?’

‘పట్కపోతడు సార్.’

రెండోది నిజం. అందుకే నేను దాన్ని ఇన్నేండ్లు మోస్తున్న. అందరు పట్కపోతరు, సగం మా ఇంటికే వస్తది, మా పొయ్యిల కూడ గవే మండుతయ్ అని చెప్తే నిజం పూర్తయ్యేది. నేను సగం చెప్పిన. అడిగినదానికే జవాబు చెప్పిన అని నాకు నేను సర్ది చెప్పుకున్న. ఓదెలన్న నన్ను ఒక్కసారి చూసిండు, ఆ తర్వాత కిటికీ దిక్కు మళ్లిండు. యూనియన్ లీడర్ బయట చెట్టు కింద ఫోన్ మాట్లాడుతుండె.

నౌకరి తీసేసిండ్రు. దొంగతనం అని తీసేస్తే, కాలు పోయినోడి కొడుక్కు కంపెనీ ఇచ్చే నౌకరి కూడ రాదు. క్వార్టర్ ఖాళీ చేయాలె. సామాను ఆటోల ఎక్కించే పొద్దు లచ్చక్క మా వాకిట్లకు వచ్చింది. తిడ్తదనుకున్న. తిట్టలే. ‘సర్దార్, నీ ఇంట్ల మా కట్టెలున్నయ్. అవి కూడ దొంగ కట్టెలే. కాలవెట్టుకో’ అన్నది. తమ్మీ అనలే. మంథని దిక్కు వాళ్ల తల్లిగారి ఊరికి పోయిండ్రు.

నాకు ఓవర్‌మ్యాన్ ప్రమోషన్ వచ్చింది.

కొత్తగ దిగేటోళ్లకు

మీకు నేను చెప్పేది ఎక్కువ లేదు. బాయిల సపోర్ట్ అనే మాటను కండ్లతోని చూసి, చేత్తోని కొట్టి అన్నప్పుడే వాడుండ్రి. చూడకుండ రాసే రిపోర్ట్ కంటె రాయని రిపోర్ట్ మేలు. పై ఆఫీసర్ దిమ్మ తీయమంటే కాయితం అడుగుండ్రి. కాయితం ఇయ్యకుంటే తీయకుండ్రి. నౌకరి పోతదని భయమా? నాది పోలే, నన్ను చూసి చెప్పుండ్రి ఉండి నేను ఏం సంపాదించిన్నో.

ఇగ పైన, మనుషుల నడుమ, గదే మాటను ఇంకో తీర్ల వాడ్తరు. వాడుకోవచ్చు, తప్పు లేదు. మాట పెద్దదే. కని అక్కడ కూడ బరువు ఎవలో ఒకలు మోయాలె. మోసేటోడు ఎవడు, ఎంత బరువు, ఎన్ని దినాలు, ఇది తెల్వకుండ ఆ మాట అన్నోడు ఏం చెయ్యలే, గాలి ఇడిసిండు. మేనేజర్ సపోర్ట్ అన్నడు, ఆపిల్ పండ్లంత మోసిండు. లీడర్ సపోర్ట్ అన్నడు, ఫోటో అంత మోసిండు. నేను సపోర్ట్ అన్న, రెండు ప్రశ్నలకు కూడ నిలవడలే. ‘ఫుల్ సపోర్ట్’ అని బొటనవేలు పెట్టేటోళ్ల మీద నాకు కోపం ఎందుకంటే, వాళ్లను నేను లోపటికెళ్లి ఎరుగుదును. ఆ వేలు నాదే.

మీ దోస్తు కష్టంల ఉంటే నోటి నిండ గా మాట అనకుండ్రి. ఏం చేస్తరో అది చెప్పుండ్రి. ఫలానా రోజు వచ్చి ఫలానా మాట ఫలానా ఆఫీసర్ ముంగట చెప్త అనుండ్రి. అంత చెప్పే ధైర్యం లేకుంటే చెయ్యి పట్టుకొని ఊకె కూసోండ్రి. లేనిది ఉన్నట్టు నమ్మి మనిషి అడుగు ముందుకేస్తడు. దాంతోనే చస్తడు.

మంథని దిక్కు ఒక ఊరు

రిటైరైనంక గానీ నాకు నోరు రాలే. అది కూడ చెప్పుకోవాలె, సిగ్గు పడి చెప్పుకోవాలె. ఒక కాయితం మీద అంతా రాసిన, సంతకం పెట్టిన, ఆఫీసుల ఇచ్చిన. అక్కడి క్లర్క్ చదివి, ‘పెద్దమనిషీ, గా ఫైలు ఎప్పుడో బందైంది. ఇప్పుడు ఇదెందుకు’ అని ముద్ర కొట్టి ఒక కాపీ నా చేతుల పెట్టిండు. అండ్ల ఇంకేం లేదని ఆయన మొఖం చూస్తేనే అర్థమైంది.

కాపీ పట్టుకొని పెద్దపల్లికెళ్లి బస్సుల మంథని పోయిన. అక్కడికెళ్లి ఆటో. ఊరు చుట్టూత వరికోతలు నడుస్తున్నయ్. ఇల్లు అడిగితే ఒక ముసలాయన ‘ఎవలు, కట్టెదొంగ ఓదెలా?’ అన్నడు. కోపంతోని అనలే. ఇంటిపేరు చెప్పినట్టే అన్నడు. అన్ని ఏండ్లల్ల అదే ఆయన పేరైంది.

ఓదెలన్న అరుగు మీద మంచంల కూసున్నడు. బక్కగైండు. నన్ను గుర్తువట్టి కూసోమన్నడు. నేను కూసోకుండనే మాఫీ అడిగిన. ఏడ్పు వచ్చింది, ఏడ్చిన. ఆయన ‘ఇడ్వు ఖాజా, అయిపాయె’ అని లచ్చక్కను చాయ పెట్టమన్నడు.

ఆమె లేవలే. ‘చేతుల గదేంది?’ అన్నది.

‘కాయితం అక్కా. ఆఫీసుల ఇచ్చిన.’

‘నాకు చదువు రాదు. చదువు.’

చదివిన. దిమ్మలు తీయమని ఓదెలుకు నేనే చెప్పిన, మేనేజర్ నాకు చెప్పిండు. ఓదెలు ఏ దొంగతనం చెయ్యలే. ఆ పొద్దు పైకప్పు చూడకుండనే చూసినట్టు రాసి ఆయనను లోపటికి పంపింది నేను. ఎంక్వైరీల యాదికి లేదన్నది అబద్ధం.

లచ్చక్క కొంగుతోని చేతులు తుడుచుకొని లేసింది. ‘నడువు’ అన్నది.

‘ఏడికి?’

‘మా ఇంట్ల మాకు ఎరుకే గద. ఎరుక లేనోళ్ల కాడికి.’

ఓదెలన్న ‘ఎందుకే, ఎండల’ అన్నడు. ఆమె ఇనలే. ముందు వడ్ల గోదాం ఆయన ఇంటికి తీస్కపోయింది. ఓదెలన్న కావలి పనికి అడిగితే కట్టెదొంగను కావలి పెడ్తరా అని నలుగుట్ల నవ్వినాయన ఆయనే. ఆయన మంచం మీదికెళ్లి లేసి నిలవడి ఇన్నడు. తర్వాత పక్క ఇల్లు. తర్వాత చింతలవాడల ముగ్గురి ఇండ్లు. ప్రతి వాకిట్ల ఆమె పక్కకు నిలవడి, నేను ఒక్క వాక్యం జల్ది చదివితే ‘మెల్లగ’ అన్నది. ‘పైకప్పు చూడకుండనే’ అన్న కాడ గొంతు దించితే ‘ఇనవడలే, మళ్ల’ అన్నది. ఆరో ఇంటి కాడ నా గొంతు ఆరిపోయింది. ఆ ఇంటోళ్లు చెంబుల నీళ్లు తెచ్చిండ్రు. లచ్చక్క చెంబు అందుకొని నాకిచ్చింది.

‘తాగు’ అన్నది. ‘ఇంకా మా అన్నల ఇండ్లు ఉన్నయ్.’